రఫ్ కాగితాన్ని ఎవరూ దిద్దరు

ఈమధ్య మా దగ్గర లెక్కలు నేర్చుకుంటున్న అబ్బాయి ఒకడు వాట్సాప్‌లో ఒక వీడియో పంపించాడు. అరిథ్‌మెటిక్ చెప్పే మాస్టారెవరో బోర్డు ముందు నిలబడి, "పరీక్ష హాల్లో పెన్ను పట్టుకున్నావంటే వెనకబడ్డట్టే. లెక్క బుర్రలో అయిపోవాలి, చెయ్యి మౌస్ మీదే ఉండాలి" అంటున్నారు. ఆయన వేగం గొప్పది. కళ్ల ముందే చేసి చూపించారు కాబట్టి కాదనలేను. కానీ ఆ మాట నాకు మింగుడుపడలేదు. శ్రీకాకుళంలో సాయంత్రంపూట బ్యాంకు, రైల్వే, కానిస్టేబుల్ పరీక్షలకి తయారయ్యే పిల్లలకి లెక్కలు చెప్తూ నేను చూస్తున్నది వేరు. మా పిల్లలు రాసినందువల్ల మార్కులు పోగొట్టుకోవడం లేదు. ఏది రాయాలో, ఏది రాయక్కర్లేదో, రాసింది మళ్లీ కంటికి దొరకాలంటే ఎక్కడ రాయాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు. మార్కులు పోతున్నది అక్కడ.

రఫ్ వర్క్ కూడా నేర్పాల్సిన విద్యే అని నా నమ్మకం. షార్ట్‌కట్లు నేర్పినట్టే దాన్నీ కూర్చోబెట్టి నేర్పాలి, మాక్ టెస్టుల్లో (నమూనా పరీక్షల్లో) దాన్నీ దిద్దాలి. ఈ మాట అనగానే "టైమ్ ఎక్కడుందండీ?" అంటారు. నిజమే, లేదు. చాలా బ్యాంకు పరీక్షల ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి దశలో, 35 లెక్కలకి 20 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 34 సెకన్లు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ మొదటి దశలో (టైర్ వన్) 100 ప్రశ్నలకి గంట. మన కానిస్టేబుల్ ప్రిలిమ్స్‌లో 200 ప్రశ్నలకి 3 గంటలు, సగటున 54 సెకన్లు. 160 ప్రశ్నలకి 3 గంటలిచ్చే ఈఏపీసెట్ వీటి పక్కన తీరుబడిగా కనిపిస్తుంది గానీ అక్కడా ఒక ప్రశ్నకి దక్కేది 67న్నర సెకన్లే. టైమ్ ఇంత తక్కువ కాబట్టి రాయొద్దని ఆ మాస్టారు అంటున్నారు. టైమ్ ఇంత తక్కువ కాబట్టే రాసే పద్ధతి ముందుగా నేర్చుకుని వెళ్లాలని నేనంటున్నాను.

కాగితం మీద లేనిది

రణస్థలం వైపు ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఉంది. కానిస్టేబుల్‌కి తయారవుతోంది. పొద్దున్నే పరుగు, తర్వాత ఇంటిపని, సాయంత్రం లెక్కలు. ఒక మాక్ టెస్టులో ఈ ప్రశ్న ఇచ్చాం: ఏ ఒక పనిని 12 రోజుల్లో, బి అదే పనిని 18 రోజుల్లో చేస్తారు. ఇద్దరూ కలిసి మొదలుపెట్టి 4 రోజులు చేశాక ఏ మానేశాడు. పని మొత్తం ఎన్ని రోజుల్లో పూర్తయింది?

ఆమె పట్టుకున్న దారి సరైనదే. 12కీ 18కీ ఎల్‌సీఎం (క.సా.గు) 36. పని మొత్తం 36 యూనిట్లు అనుకుంటే ఏ రోజుకి 3, బి రోజుకి 2. ఇద్దరూ కలిసి 4 రోజుల్లో 20 యూనిట్లు చేశారు. మిగిలింది 16. బి ఒక్కడే చేయాలి కాబట్టి 8 రోజులు. ఆప్షన్లలో 8 ఉంది. ఆమె 8 పెట్టింది. అడిగింది మొత్తం రోజులు. ముందటి నాలుగూ కలిపితే 12.

తప్పు అని తెలిశాక ఆమె ముఖం చిన్నబోయింది. "ఎనిమిది వొచ్చింది సార్. ఆప్షన్లో ఎనిమిది ఉంది. ఇంక సూసుకోనేదు" అంది. నేను ఆమె రఫ్ కాగితం అడిగి తీసుకున్నాను. 36 ఒక మూల ఉంది. 3, 2 దానికి దూరంగా, ఏటవాలుగా ఉన్నాయి. అయిదుని నాలుగుతో నోటితోనే హెచ్చవేసుకుని 20 అని వేసింది, ఆ 20 మీదుగా అంతకుముందు లెక్క తాలూకు భాగహారం గీత పోయింది. 16 కింద 2, పక్కన 8, ఆ 8 చుట్టూ రెండుసార్లు సున్నా. నాలుగు రోజులన్న సంగతి మాత్రం కాగితం మీద ఎక్కడా లేదు. "మొత్తం" అన్న మాటకి గుర్తుగా ఒక్క అక్షరమూ లేదు. ఆ రెండూ ఆమె బుర్రలోనే ఉన్నాయి. 36 దగ్గర బయల్దేరి 8 దగ్గరికి వచ్చేలోపు రెండూ జారిపోయాయి.

ఇది లెక్క రాక పోయిన మార్కు కాదు. ఇలాంటివాటిని మన కోచింగుల్లో సిల్లీ మిస్టేక్ అంటారు. "కొంచెం జాగ్రత్తగా ఉండమ్మా" అని చెప్పి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. జాగ్రత్తగా ఉండడమంటే చేత్తో ఏం చేయాలో ఎవరూ చెప్పరు. ఆ పిల్ల ఇంటికెళ్లి ఇంకో వంద పని-కాలం లెక్కలు చేస్తుంది. ఆమెకి అవి ఇప్పటికే వచ్చు. అది చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే పరుగుకీ పనికీ మధ్య ఆమె దక్కించుకున్న ఆ గంట అవసరం లేని చోట ఖర్చయిపోతోంది.

బుర్రలో ఒకేసారి ఎన్ని సంగతులు నిలబెట్టుకోగలం అన్నదాని మీద చాలా పరిశోధన జరిగింది. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ఏడుకి అటూఇటూ అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ అదంతా మళ్లీ పరిశీలించి, నిజానికి నాలుగు దాకానే అన్నాడు. పైన చెప్పిన లెక్కలో ఎన్నున్నాయో చూడండి: 36, 3, 2, 4, 20, 16, వీటికి తోడు అడిగిందేమిటన్నది. అదే 2001లో యాష్‌క్రాఫ్ట్, కిర్క్ అనే ఇద్దరు, లెక్కలంటే భయపడేవాళ్లకి లెక్క చేస్తున్నంతసేపూ ఆ ఉన్న చోటు కూడా తగ్గిపోతుందని చూపించారు. ఆమదాలవలసలో తెల్లవారుజామున రైలెక్కి, విశాఖలో సెంటరు వెతుక్కుని, బయోమెట్రిక్ క్యూలో నిలబడి, సీట్లో కూర్చునేసరికి ఈ పిల్లల టెన్షన్ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బుర్రలో చోటు తక్కువయ్యే రోజునే అన్నీ బుర్రలోనే పెట్టుకో అంటే ఎలా?

అడిగింది ముందు, లెక్క తర్వాత

నేను నేర్పేది పెద్ద పద్ధతేమీ కాదు. ప్రశ్న చదవగానే, లెక్క మొదలుపెట్టకముందే, అడిగిందేమిటో రెండు మూడు అక్షరాల్లో రాసి దాని చుట్టూ గీత గీయమంటాను. పై లెక్కకి "మొ.రో" చాలు. వయసుల లెక్కకి "చి.ఇప్పుడు" అంటే చిన్నవాడి ఇప్పటి వయసు. ఇది రాయడానికి రెండు సెకన్లు పడుతుంది. జవాబు వచ్చాక కన్ను ముందు దాని మీద పడాలి, ఆ తర్వాతే ఆప్షన్ల మీద పడాలి. నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క అలవాటు కోసమే. మిగతావి ఎవరికి తగ్గట్టు వాళ్లు మార్చుకోవచ్చు.

ఎందుకు పట్టుబడతానంటే, ఆప్షన్లు తయారుచేసేవాళ్లు మనం మధ్యలో ఎక్కడెక్కడ ఆగిపోతామో తెలిసినవాళ్లు. గంటకి 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న 150 మీటర్ల రైలు 250 మీటర్ల ప్లాట్‌ఫాంని ఎంతసేపట్లో దాటుతుంది? 72 అంటే సెకనుకి 20 మీటర్లు. రైలూ ప్లాట్‌ఫామూ కలిపి 400 మీటర్లు, దాన్ని 20తో భాగిస్తే 20 సెకన్లు. రైలు పొడవు ఒక్కటే తీసుకున్నవాడికి ఏడున్నర వస్తుంది, ప్లాట్‌ఫాం ఒక్కటే తీసుకున్నవాడికి పన్నెండున్నర వస్తుంది. ఆ రెండూ ఆప్షన్లలో ఉంటాయి. వయసుల లెక్క ఇంకా అన్యాయం. అన్నదమ్ముల వయసులు ఇప్పుడు 4:3, ఆరేళ్ల తర్వాత 5:4 అయితే చిన్నవాడి ఇప్పటి వయసెంత? వయసులు 4ఎక్స్, 3ఎక్స్ అనుకుంటే ఎక్స్ విలువ 6, పెద్దవాడికి 24, చిన్నవాడికి 18, ఆరేళ్ల తర్వాత పెద్దవాడికి 30. ఆప్షన్లు: 6, 18, 24, 30. నాలుగూ లెక్క మధ్యలో సరిగ్గానే వచ్చిన అంకెలు. ఇలాంటి చోట "నాకు వచ్చిన అంకె ఆప్షన్లో ఉంది" అన్నది ఏ ధైర్యమూ ఇవ్వదు.

రెండోది, అంకె పక్కన దాని పేరు. ఉత్త 16 కాదు, "మి 16". ఉత్త 20 కాదు, "20 మీ/సె". ఒక్క అక్షరం చాలు. పేరు లేని అంకె అర నిమిషం తర్వాత మనదే మనకి పరాయిదైపోతుంది. ముఖ్యంగా లాభనష్టాల్లో కొన్నవెల, అమ్మినవెల, ప్రకటన వెల మూడూ వందకి దగ్గర దగ్గరగా ఉంటాయి. కొ, అ, ప్ర అని మూడు నిలువు వరసలు గీసుకుని అంకెలు వాటి కింద వేస్తే, డిస్కౌంట్ దేని మీద, లాభం దేని మీద అన్న గందరగోళం ఉండదు.

రాయకూడనివీ అంత ముఖ్యమే. ప్రశ్నని మళ్లీ రాయకూడదు. మా దగ్గరికి కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది "ఏ పనిని 12 రోజుల్లో" అంటూ సగం వాక్యం దించుతారు. కాలం = దూరం/వేగం అని ప్రతి లెక్కకీ ఫార్ములా రాసేవాళ్లున్నారు. 72ని 5తో హెచ్చవేసి 18తో భాగించడం అంచెలంచెలుగా చూపించేవాళ్లున్నారు. ఇంటర్ దాకా అంచెలకి మార్కులుంటాయి కాబట్టి ఆ చెయ్యి అలా అలవాటుపడింది. ఇక్కడ అంచెలు చూసేవాళ్లు ఎవరూ లేరు. వీడియోలో మాస్టారు కోపపడుతున్నది ఈ రకం రాత మీద అయితే నేను ఆయన పక్కనే ఉన్నాను.

"బుర్రలో అయిపోద్ది సార్"

ఇప్పుడు ఎదుటి పక్షం. నరసన్నపేట నుంచి వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. చేత్తో పెన్ను తిప్పుతూ ఉంటాడే తప్ప కాగితానికి ఆనించడు. ఏడో వంతు అంటే 14.28 శాతం, పదమూడు పదిహేడులు 221, ఇరవై ఏడు స్క్వేర్ 729, ఇవన్నీ అడిగీ అడగకముందే చెప్పేస్తాడు. "బుర్రలో అయిపోద్ది సార్, రాస్తే నాకు ఆలోచన ఆగిపోద్ది" అంటాడు. మొదట్లో ఇది బద్ధకం అనుకునేవాళ్లు అతని తోటివాళ్లు. నేనలా అనుకోను. రాయడానికి ఆగితే ఆలోచన తెగిపోయేవాళ్లు నిజంగా ఉన్నారు. అంకెల్ని కుదించే సింప్లిఫికేషన్‌లో, అంకెల వరస పూరించే సిరీస్‌లో, మామూలు శాతాల్లో అతను కాగితం ముట్టుకోనక్కర్లేదు. నేను రాయించినా అతని మార్కులు తగ్గుతాయే తప్ప పెరగవు.

మనకి నోటి లెక్క మీద ఉన్న గౌరవం కూడా ఊరికే వచ్చింది కాదు. రైతుబజారులో కూరలమ్మే ఆమె ముప్పావు కిలో వంకాయలూ పావు కిలో మిరపకాయలూ కలిపి, ఐదొందల నోటుకి చిల్లర ఎంతో తడుముకోకుండా చెప్తుంది. పెన్నూ లేదు, కాగితమూ లేదు. ఆ మాట మా పిల్లల్లో ఒకడు అన్నాడు కూడా. కానీ అక్కడ అడిగే ప్రశ్న రోజంతా ఒక్కటే: ఎంత తీసుకోవాలి, ఎంత తిరిగివ్వాలి. ధరలు ఆమె పెట్టినవే. అంకెలు ఆమెకి తెలిసినవే. పరీక్షలో అంకెలు ఎవరో పెట్టినవి, ప్రశ్న ప్రతి అర నిమిషానికీ మారిపోతుంది, ఒక్కోసారి కావాలనే మెలిపెట్టి అడుగుతారు. నోటి లెక్క అక్కడా పనికొస్తుంది గానీ అదొక్కటీ చాలదు.

నరసన్నపేట అబ్బాయి విషయంలో నాకు తేడా కనిపించింది డేటా ఇంటర్‌ప్రిటేషన్‌లో, సీటింగ్ పజిల్స్‌లో. డేటా ఇంటర్‌ప్రిటేషన్ అంటే ఒకే అంకెల పట్టిక (టేబుల్) మీద అయిదు ప్రశ్నలుంటాయి. ఏడాది వారీ మొత్తాలు మూడు ప్రశ్నలకి కావాలి. అతను ఆ మొత్తాల్ని మూడుసార్లు మనసులో కూడాడు, మూడుసార్లూ సరిగ్గానే కూడాడు. ఒక్కసారి కూడి కాగితం పైన డబ్బా గీసి పెట్టుకుంటే మిగతా రెండుసార్ల టైమూ మిగిలేది. రౌండ్ టేబుల్ చుట్టూ ఎనిమిది మంది కూర్చున్న పజిల్‌లో రెండు అవకాశాలు వచ్చాయి. రెండిటినీ బుర్రలోనే మోయబోయాడు. మొదటిది కుదరదని తేలేసరికి రెండోదాంట్లో ఎవరు ఎటు తిరిగి కూర్చున్నారో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సి వచ్చింది. రాయడం వల్ల టైమ్ పోతుంది అన్నప్పుడు, రాయకపోవడం వల్ల పోయే టైముని మనం లెక్కలోకి తీసుకోవడం లేదు. అది కంటికి కనిపించదు కాబట్టి.

అతనికి నేను చెప్పింది చిన్నది. లెక్క బుర్రలోనే చేసుకో. ఒకే సమాచారం మీద రెండు కంటే ఎక్కువ ప్రశ్నలుంటే మాత్రం గీసుకో. రెండు అవకాశాలొస్తే రెండు వృత్తాలు పక్కపక్కనే గీయి. కుదరనిదాన్ని ఒక్క అడ్డగీతతో కొట్టేయి, పూర్తిగా నల్లగా గీకేయకు. ఎందుకంటే నువ్వు కొట్టేయడమే తప్పు కావచ్చు, అప్పుడు దాన్ని మళ్లీ చదవాల్సి వస్తుంది. దానికి ఒప్పుకున్నాడు. అడిగింది ముందు రాసే అలవాటుకి ఇప్పటికీ ఒప్పుకోలేదు. నేను బలవంతం చేయడం లేదు.

ఫెయిర్ నోట్సు, రఫ్ నోట్సు

ఈ చిక్కు కోచింగులో పుట్టింది కాదు. మన బళ్లలో ప్రతి పిల్లకీ ఒక ఫెయిర్ నోట్సు, ఒక రఫ్ నోట్సు ఉంటాయి. ఫెయిర్ నోట్సుకి అట్ట, లేబుల్, మార్జిన్, తేదీ, మాస్టారి సంతకం. రఫ్ నోట్సంటే పోయినేడాది పుస్తకాల్లో మిగిలిన కాగితాలు కుట్టింది. దాంట్లో లెక్కలూ ఉంటాయి, బొమ్మలూ ఉంటాయి, పక్క పిల్లతో మాటలూ ఉంటాయి. దాన్ని ఎవరూ చూడరు. ఆలోచన జరిగేది రఫ్ నోట్సులో. సంతకం పడేది ఫెయిర్ నోట్సులో.

పదో తరగతి, ఇంటర్ పరీక్షల్లోనూ రఫ్ వర్క్ అంటే పేజీలో ఓ పక్క సన్నటి చోటు. అక్కడ చేసి అడ్డగీత కొట్టేయమంటారు. అంటే పిల్లలకి పదేళ్లపాటు అందుతున్న కబురు ఏమిటి? ఆలోచించేటప్పుడు రాసింది దాచుకోవాల్సింది, కొట్టేయాల్సింది. ఆ తర్వాత పోటీ పరీక్షలకొస్తారు. ఇక్కడ ఫెయిర్ అనేదే లేదు. ఒక గుండ్రమో ఒక క్లిక్కో తప్ప మిగిలిందంతా రఫ్. పదేళ్లుగా ఎవరూ దిద్దనిదాని మీద ఇప్పుడు ఉద్యోగం ఆధారపడి ఉంది.

విజయనగరంలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పే నా స్నేహితురాలితో ఈ సంగతి మాట్లాడాను. "యాభై మంది పుస్తకాలు దిద్దడానికే సెలవురోజులు పోతున్నాయి, రఫ్ కూడా దిద్దమంటే నావల్ల అవుద్దా?" అని నిలదీసింది. ఆమె అన్నది న్యాయం. మళ్లీ ఆమే రెండు నిమిషాలాగి, "అయితే బోర్డు మీద నేను చేసేటప్పుడు మాత్రం అన్నీ ఫెయిర్‌గానే చేస్తాను. నేను తడుముకోవడం పిల్లలు ఎప్పుడూ చూడలేదు" అంది. నాకు ఆ మాట చాలా విలువైనదిగా అనిపించింది. దిద్దడానికి టైమ్ లేకపోయినా, కొత్త లెక్క ఒకటి తీసుకుని బోర్డు మీద ఒక మూల రఫ్ గడి గీసి, తను ఏం రాసుకుంటుందో, ఏం రాసుకోదో నోటితో చెప్తూ చేయొచ్చు. అది వారానికి ఒక్క లెక్కైనా చాలు. ఇప్పుడామె అలా చేస్తోంది.

స్క్రీన్ ఒక చోట, కాగితం ఒక చోట

కాగితం మీద గుండ్రాలు నింపే ఓఎంఆర్ పరీక్షకీ కంప్యూటర్ పరీక్షకీ రఫ్ వర్క్ ఒకటి కాదు. ఈ తేడా మన పిల్లలకి పరీక్ష రోజునే తెలుస్తోంది, అది చాలా అన్యాయం. ఓఎంఆర్‌లో ప్రశ్నపత్రమే మన చేతిలో ఉంటుంది. "మొత్తం" అన్న మాట కింద అక్కడే గీత గీయొచ్చు. బొమ్మ మీదే కోణాలు రాసుకోవచ్చు. జవాబు ఎంచుకోగానే ప్రశ్న పక్కనే ఆప్షన్ నంబరు రాసుకుంటే, బబ్లింగ్‌లో ఒక వరస జారినా ఎక్కడ జారిందో పట్టుకోవచ్చు.

కంప్యూటర్ మీద అది కుదరదు. ప్రశ్న ఎదురుగా, కాగితం కింద. తల ఎత్తి దించి, ఎత్తి దించి అంకెలు దించుకోవాలి. 48ని 84 అని దించేది అక్కడే. దించుకోగానే ఒక్కసారి స్క్రీన్ వైపు చూసి సరిపోల్చుకోవడం అలవాటు చేసుకోవాలి. ఈఏపీసెట్ ఎప్పుడో కంప్యూటర్ మీదికి వెళ్లింది, రైల్వే, బ్యాంకు, ఎస్సెస్సీ అన్నీ అంతే. మా పిల్లల్లో సగంమంది మాత్రం ఇప్పటికీ ప్రింటు తీసిన పేపర్ల మీదే ప్రాక్టీస్ చేస్తారు, ఆ పేపర్ మీదే గీతలు గీస్తారు. ఇంట్లో కంప్యూటర్ ఉండదు. ఫోన్లో మాక్ రాసేటప్పుడు పక్కన తెల్ల కాగితం పెట్టుకోమని చెప్తాను. ఫోనుని గోడకి ఆనించి నిలబెట్టి, కాగితాన్ని ఒళ్లో అట్ట మీద పెట్టుకుంటే ఆ తల ఎత్తి దించడమైనా అలవాటవుతుంది.

హాల్లో ఇచ్చే కాగితానికి గీతలుండవు. దాన్ని నిలువుగా మడిచి రెండో మూడో వరసలు చేసుకుని, ప్రతి లెక్కకీ ప్రశ్న నంబరు వేసి, అయిపోగానే కింద అడ్డగీత గీస్తే సరిపోతుంది. ఈ నంబరు వేయడాన్ని చాలామంది చాదస్తం అనుకుంటారు. దాని ఉపయోగం తిరిగి వచ్చినప్పుడు తెలుస్తుంది. టైమ్ సరిపోదనిపించి వదిలేసిన లెక్కకి "మార్క్ ఫర్ రివ్యూ" నొక్కి ముందుకెళ్తాం. చివర్లో నాలుగు నిమిషాలు మిగిలి వెనక్కొస్తే స్క్రీన్ మీద ప్రశ్న ఉంటుంది, మనం ఎంతవరకు చేశామో ఉండదు. అది కాగితం మీద ఉండాలి. వదిలేసేటప్పుడు ఒక గుర్తు పెట్టమంటాను: దారి తెలిసి టైమ్ లేక వదిలేస్తే బాణం, దారే తెలియకపోతే ఇంటూ. వెనక్కొచ్చినప్పుడు బాణాలున్నవే ముందు చూడాలి. నెగటివ్ మార్కులున్న పరీక్షల్లో, బ్యాంకులో పావు, రైల్వేలో మూడో వంతు కోత ఉంటుంది కాబట్టి, ఇంటూలని అలాగే వదిలేయడమే మేలు. కానిస్టేబుల్ ప్రిలిమ్స్‌లో కోత లేదు, అక్కడ ఆఖర్లో ఇంటూలకీ ఏదో ఒకటి పెట్టేయాలి.

నాకున్న అనుమానాలు

ఇదంతా ఇంకో తంతుగా మారే ప్రమాదం ఉంది. కొందరు పిల్లలు నేను చెప్పాక సింప్లిఫికేషన్‌కి కూడా "అడిగింది" అని రాసి గీత గీయడం మొదలుపెట్టారు. అక్కడ అడిగేదేముంది, సమాధానమే కదా. ఒక అమ్మాయి రఫ్ కాగితం ముత్యాల్లాంటి అక్షరాలతో, స్కేలు గీతలతో వచ్చింది. ఆమె అయిదు లెక్కలు వదిలేసింది. చెప్పేవాళ్లం ఎంత రాయాలో చెప్పినంత గట్టిగా ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి. గజిబిజిగా ఉన్నా ఫరవాలేదు, మళ్లీ చదివితే తెలియాలి, అంతే.

ఇంకో అనుమానం. పిల్లలు బాగుపడితే అది రఫ్ వర్క్ వల్లా, రోజూ చేస్తున్న సాధన వల్లా? విడదీసి చెప్పడం కష్టం. నేను చూడగలిగింది తప్పుల రకం మారడం. దారి తెలియక పోయిన మార్కులు అలాగే ఉన్నాయి, వాటికి మందు చదువే. "వచ్చిన అంకె ఆప్షన్లో ఉంది, పెట్టేసినాను" అనే రకం తగ్గింది. రణస్థలం అమ్మాయి కాగితాల్లో ఇప్పుడు ప్రతి పని-కాలం లెక్క పక్కనా "మొ" గానీ "మి" గానీ ఉంటోంది. ఆమెకి ఉద్యోగం వస్తుందో రాదో నేను చెప్పలేను. పోస్టులెన్ని, పోటీ ఎంత, అదంతా ఈ కాగితం చేతిలో లేదు. కానీ తనకి వచ్చిన లెక్కకి తను మార్కు తెచ్చుకోగలగాలి. ఆ మాత్రం న్యాయం ఆమెకి జరగాలి.

అసలు పరీక్షలో రాసిన రఫ్ కాగితం కంప్యూటర్ సెంటర్లలో తిరిగి తీసేసుకుంటారు. అది మళ్లీ మన చేతికి రాదు, దాన్నుంచి నేర్చుకునేదేమీ ఉండదు. మన చేతిలో మిగిలేవి మాక్ టెస్టు కాగితాలే. వాటిని చూడకుండా చెత్తబుట్టలో వేస్తున్నాం, మార్కుల జాబితా మాత్రం గోడకి అంటిస్తున్నాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కోచింగులు నడిపేవాళ్లని నేను కోరేది ఇదే. మాక్ అయ్యాక జవాబుల షీటుతో పాటు రఫ్ కాగితమూ తీసుకోండి. అందరివీ చూడలేకపోతే పదిమందివి చూడండి. తప్పయిన ప్రతి లెక్కకీ ఆ కాగితం మీద వెతికితే, రానిదేదో, వచ్చి జారిపోయిందేదో, అంకె తప్పు దించుకున్నదేదో ఇట్టే తెలిసిపోతుంది. మూడింటికీ చెప్పాల్సిన మాట మూడు రకాలుగా ఉంటుంది.

మా గదిలో ఈ ఆదివారం మాక్‌కి ఒక్కొక్కరికీ ఒకే తెల్ల కాగితం ఇస్తున్నాం. రెండోది కావాలంటే హాల్లో అడిగినట్టే చెయ్యెత్తి అడగాలి. పలాస జీడిపప్పు ఎగుమతుల మాదిరిగా ఊహించిన అంకెలతో ఒక టేబుల్, దాని మీద అయిదు ప్రశ్నలు తయారుచేశాను. కాగితాలన్నీ తీసుకుని, సోమవారం సాయంత్రానికి ఎర్రసిరాతో దిద్ది ఇస్తాను.